ఐఆర్ రిసీవర్ డ్రైవర్‌కి డివైస్ ట్రీ సపోర్ట్: ఒక్క పిన్ నంబర్ చెప్పడానికి ఇంత తతంగం ఎందుకు

పాత సెట్‌టాప్ బాక్సులు, ఆండ్రాయిడ్ టీవీ బాక్సులు విప్పి వాటిలో మామూలు లినక్స్ ఎక్కించే పిచ్చి మన వైజాగ్ కుర్రాళ్ళలో బానే ఉంది, మద్దిలపాలెం, గాజువాక వైపు ఇంజనీరింగ్ చదివేవాళ్ళు ఫైనలియర్ ప్రాజెక్ట్ పేరు పెట్టి కూడా ఇదే పని చేస్తుంటారు, అందరూ వచ్చి ఆగేది మాత్రం దాదాపు ఒకే చోట. స్క్రీన్ వచ్చీసింది, నెట్ వచ్చీసింది, వైఫై కూడా ఏదోలా లేచింది, రిమోట్ నొక్కితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. "ఐఆర్‌కి లినక్స్‌లో డ్రైవర్ లేదేటి?" అని అడుగుతారు. ఐఆర్ అంటే ఇన్‌ఫ్రారెడ్, రిమోట్ వాడే వెలుగు, డ్రైవర్ అంటే ఒక హార్డ్‌వేర్ ముక్కని నడిపే కోడ్. ఉంది, ఎప్పట్నుంచో ఉంది. ఆ డ్రైవర్‌కి "నీ రిసీవర్ ఫలానా పిన్ మీద కూర్చుంది" అని చెప్పే నాథుడే లేడు. అది చెప్పడానికి ఇప్పుడున్న పద్ధతి డివైస్ ట్రీ, అంటే బోర్డు మీద ఏ ముక్క ఎక్కడుందో రాసి లినక్స్ కెర్నెల్‌కి (ఓఎస్ గుండెకాయకి) అందించే వర్ణన. ఒక డ్రైవర్‌కి డివైస్ ట్రీ సపోర్ట్ ఇవ్వడం అంటే కోడ్ పరంగా చిన్న పనే, నలభై యాభై లైన్లలో అయిపోద్ది. తల వాచేది కోడ్ దగ్గర కాదు, బోర్డ్ గురించి ఏ విషయం హార్డ్‌వేర్ సంగతి, ఏ విషయం మన ఇష్టాయిష్టాల సంగతి అని విడదీసే దగ్గర.

ముందు ఆ రిసీవర్ చేసే పని చూద్దాం. డాబాగార్డెన్స్‌లోనో ద్వారకానగర్‌లోనో కాంపొనెంట్స్ షాపుకెళ్ళి "అన్నా, టీఎస్ఓపీ ఒకటి ఇవ్వు" అంటే మూడు కాళ్ళ నల్ల ముక్క చేతిలో పెడతారు, అదే ఐఆర్ రిసీవర్. రిమోట్‌లో ఉండే ఎల్ఈడీ 940 నానోమీటర్ల దగ్గర, అంటే కంటికి ఆనని వెలుగుని, సెకనుకి 38 వేలసార్లు ఆర్పుతూ వెలిగిస్తూ ఉంటది. ఈ ముక్క లోపలున్న ఫిల్టర్ ఆ 38 కిలోహెర్ట్జ్‌ని పట్టుకుని, అది వస్తున్నంతసేపు తన అవుట్‌పుట్ కాలుని కిందకి లాగి పెడతది, ఆగిపోగానే పైకి వదిలేస్తది. అంటే ఊరికే ఉన్నప్పుడు పిన్ హై, సిగ్నల్ ఉన్నప్పుడు లో. ఈ తిరకాసు గుర్తుపెట్టుకోండి, ముందుముందు దీనితో పని ఉంది. అన్నట్టు కొనేటప్పుడు నంబర్ చూసుకోండి, 1738 అనేది 5 వోల్టుల ముక్క, దాని అవుట్‌పుట్ తీసుకెళ్ళి 3.3 వోల్టుల రాస్‌బెర్రీ పై పిన్‌కి నేరుగా తగిలిస్తే పిన్‌కే ప్రమాదం, 38238 అయితే 2.5 నుంచి 5.5 దాకా దేనిమీదైనా నడుస్తది. కాళ్ళ వరస కూడా రెండింటికీ వేరు, డేటాషీట్ చూడకుండా గుచ్చీకండి.

మన ఇళ్ళలో చాలా రిమోట్లు వాడేది ఎన్ఈసీ ప్రోటోకాల్. ముందు 9 మిల్లీసెకన్లు వెలుగు, తర్వాత 4.5 మిల్లీసెకన్లు చీకటి, ఆ తర్వాత 32 బిట్లు. ప్రతి బిట్‌కీ 560 మైక్రోసెకన్ల వెలుగు ఉంటది, దాని వెనక చీకటి కూడా 560 మైక్రోసెకన్లే అయితే సున్నా, 1690 దాకా సాగితే ఒకటి. ఏసీ రిమోట్ల లెక్క వేరు, టెంపరేచర్, మోడ్, ఫ్యాన్ స్పీడ్ అన్నీ కలిపి ప్రతి నొక్కుకీ పెద్ద కట్ట పంపిస్తాయి, వాటి జోలికి ఇప్పుడు పోవద్దు. చిప్ మీద మన ఇష్టమొచ్చినట్టు వాడుకోగలిగే మామూలు పిన్‌లని జీపీఐఓ అంటారు, కెర్నెల్‌లో జీపీఐఓ ఐఆర్ రిసీవర్ డ్రైవర్ చేసేది ఇంతే: పిన్ మీద ఇంటరప్ట్ (పిన్ మారగానే సీపీయూని పిలిచే ఏర్పాటు) పెట్టుకుని, పైకి లేచినప్పుడూ కిందకి పడినప్పుడూ "ఇదిగో ఎడ్జ్ వచ్చింది, ఇప్పుడు లెవెల్ ఇది" అని ఆర్‌సీ కోర్‌కి, అంటే కెర్నెల్‌లో రిమోట్ల పని చూసే భాగానికి, అప్పజెప్పడం. టైమ్ లెక్కలూ, ఎన్ఈసీనా ఆర్‌సీ5నా సోనీనా అని తేల్చడం, వచ్చిన స్కాన్‌కోడ్‌ని (ఒక్కో బటన్‌కి రిమోట్ పంపే నంబర్‌ని) వాల్యూమ్ అప్ అనే కీగా మార్చడం, అన్నీ కోర్ వైపు పనులు. అందుకే డ్రైవర్ మొత్తం రెండొందల లైన్లకి అటూఇటూగా ఉంటది.

సరే, మరి పిన్ సంగతి ఎవరో ఎందుకు చెప్పాలి, కెర్నెల్ తనే వెతుక్కోవచ్చు కదా? యూఎస్‌బీ పెన్‌డ్రైవ్ గుచ్చగానే అది తన వెండర్ నంబర్, ప్రోడక్ట్ నంబర్ తనే చెప్పుకుంటది, పీసీఐ కార్డులూ అంతే. మూడు కాళ్ళ ముక్కకి చెప్పుకునే నోరు లేదు. పిన్ హైలో ఉందంటే దాని వెనక ఐఆర్ రిసీవర్ ఉందో, బటన్ ఉందో, ఏమీ లేకుండా పుల్ అప్ రెసిస్టర్ ఒక్కటే ఉందో కెర్నెల్‌కి ఎలా తెలుస్తది, తెలీదు.

ఒకప్పుడు ఏఆర్ఎం (ఫోన్లలో, ఇలాంటి చిన్న బోర్డుల్లో వాడే చిప్‌ల రకం) ప్రపంచంలో దీనికి బోర్డ్ ఫైల్ అని ఉండేది. ఒక్కో బోర్డుకి ఒక్కో సీ ఫైల్, అందులో ప్లాట్‌ఫామ్ డేటా అనే స్ట్రక్చర్ నింపి, ఆ పిన్ ఇక్కడ, ఈ చిప్ అక్కడ అని కెర్నెల్ సోర్స్‌లోనే రాసి కంపైల్ చేసేవారు. బోర్డులు వందల్లోకి వెళ్ళేసరికి ఆ ఫోల్డర్ ఊబిలా తయారైంది. 2011 మార్చిలో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఈ గోల మీద బాహాటంగానే విరుచుకుపడ్డాడు, ఆ దెబ్బతో ఏఆర్ఎం వాళ్ళు డివైస్ ట్రీ వైపు గట్టిగా తిరిగారు. అదేమీ కొత్తగా కనిపెట్టింది కాదు, 1994లో వచ్చిన ఐఈఈఈ 1275 ఓపెన్ ఫర్మ్‌వేర్ నాటి ఆలోచనే, పవర్‌పీసీ వాళ్ళు అప్పటికే లినక్స్‌లో వాడేస్తున్నారు. బోర్డు వర్ణన ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాస్తాం, దాన్ని బైనరీగా కంపైల్ చేస్తాం, బూట్‌లోడర్ దాన్ని మెమరీలో పెట్టి కెర్నెల్‌కి అడ్రస్ అందిస్తది. 2012 డిసెంబర్‌లో వచ్చిన 3.7 వెర్షన్ నాటికి ఒకే ఏఆర్ఎం కెర్నెల్ వేర్వేరు కంపెనీల చిప్‌ల మీద బూట్ అయ్యే దారి కూడా ఏర్పడింది.

మన ఐఆర్ డ్రైవర్ పుట్టింది సరిగ్గా ఈ మార్పు నడుస్తున్న 2012లో, అదీ పాత పద్ధతిలోనే, ప్లాట్‌ఫామ్ డేటాతో. డివైస్ ట్రీ సపోర్ట్ 2013లో చేరింది. ఆ పాత స్ట్రక్చర్‌లో నాలుగు సంగతులు ఉండేవి: జీపీఐఓ నంబర్, యాక్టివ్ లోనా కాదా, ఏ ప్రోటోకాల్స్ అనుమతించాలి, ఏ కీమ్యాప్ వాడాలి. ఉన్న నాలుగింటినీ డివైస్ ట్రీలో నాలుగు ప్రాపర్టీలుగా (పేరు, దాని విలువ) రాసీస్తే అయిపోద్ది కదా అనిపిస్తది, కొత్తవాళ్ళు కెర్నెల్‌కి పంపే ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) అలాగే ఉంటాయి కూడా, అక్కడే రివ్యూలో తిరిగొస్తాయి. నాలుగింటికీ నాలుగు రకాల గతి పట్టింది.

పిన్ నంబర్ సంగతి. పాత కోడ్‌లో అది ఒక ఇంటిజర్, సిస్టమ్ మొత్తానికి ఒకటే వరసలో లెక్కపెట్టిన నంబర్. వైజాగ్ మొత్తం మీద ఫలానా నంబరు ఇల్లు అని అడ్రస్ ఇచ్చినట్టు ఉంటది అది, ఊరి అంచున ఇంకో కాలనీ కలిస్తే లెక్కంతా మారిపోద్ది. డివైస్ ట్రీలో అయితే ఎంవీపీ కాలనీ సెక్టార్ 6లో ఫలానా ఇల్లు అన్నట్టు, ముందు ఏ జీపీఐఓ కంట్రోలర్ అని చూపించి, దానిలో ఎన్నో లైన్ అని చెప్తాం. ఇది ఉత్త అందం కోసం చేసింది కాదు. రాస్‌బెర్రీ పైలో కొత్త కెర్నెల్స్ వచ్చాక జీపీఐఓ బేస్ 512 నుంచి మొదలవుతోంది, దాంతో పాత సిస్‌ఎఫ్ఎస్ (కెర్నెల్ తన సెట్టింగ్‌లని ఫైళ్ళలా చూపించే చోటు) పద్ధతిలో 18 అని రాసుకున్న స్క్రిప్టులన్నీ ఒక్క అప్‌డేట్‌తో మూలనపడ్డాయి, డివైస్ ట్రీలో 18 అని రాసుకున్నవాళ్ళకి మాత్రం ఏమీ కాలేదు, ఎందుకంటే ఆ 18 కంట్రోలర్ లోపలి 18.

యాక్టివ్ లో అనేదానికి అసలు వేరే ప్రాపర్టీయే లేదు. జీపీఐఓ చెప్పే ఎంట్రీలోనే మూడో ముక్కగా ఒక ఫ్లాగ్ ఉంటది, యాక్టివ్ లో అయితే అందులో 1. మొదట్లో డ్రైవర్ ఆ ఫ్లాగ్‌ని బయటకి తీసి తన దగ్గర ఒక వేరియబుల్‌లో పెట్టుకుని, పిన్ చదివిన ప్రతిసారీ తనే తిరగేసుకునేది, తర్వాత డిస్క్రిప్టర్ పద్ధతికి (పిన్‌ని ఉత్త నంబర్‌తో కాక దాని వివరాలన్నీ ఉన్న హ్యాండిల్‌తో వాడే పద్ధతికి) మార్చాక ఆ పని జీపీఐఓ లేయరే చేస్తోంది, డ్రైవర్ అడిగేది "సిగ్నల్ ఉందా లేదా" అని మాత్రమే. సర్క్యూట్‌లో మధ్యన ఒక ట్రాన్సిస్టర్ పెట్టి సిగ్నల్‌ని ఎవరైనా తిరగేసినా కోడ్ ముట్టుకోనక్కర్లేదు, ఆ ఒక్క ఫ్లాగ్ మారిస్తే సరి. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో బాగా కుదిరిన భాగం ఇదే.

మూడోది ప్రోటోకాల్స్. ఇదైతే డివైస్ ట్రీలోకి రానే లేదు, 2013 కోడ్‌లో ఆ విలువని సున్నా చేసి వదిలేశారు, సున్నా అంటే డీకోడర్లు ఉన్న అన్ని ప్రోటోకాల్స్‌కీ ఓకే అని డ్రైవర్ అర్థం చేసుకుంటది. ఎందుకు వదిలేశారంటే రిసీవర్ ముక్కకి ఎన్ఈసీ అంటే ఏంటో తెలీదు, దానికి తెలిసింది 38 కిలోహెర్ట్జ్ వెలుగు వచ్చిందా లేదా అన్నదే. ఇవాళ ఒక రిమోట్ వాడి రేపు ఇంకోటి వాడితే బోర్డు ఏం మారదు కదా, మారనప్పుడు బోర్డు వర్ణనలో అది ఎందుకుండాలి? అది యూజర్ ఇష్టం, సిస్‌ఎఫ్ఎస్‌లో ప్రోటోకాల్స్ ఫైల్ ఉంది, అక్కడ మార్చుకోవచ్చు. ఫిలిప్స్ ఆర్‌సీ5కి క్యారియర్ (వెలుగుని ఆర్పి వెలిగించే వేగం) 36 కిలోహెర్ట్జ్ కదా, 38 ముక్క దాన్ని పట్టుకుంటుందా అనే ప్రశ్న వేరే, పట్టుకుంటది, కానీ కాస్త దగ్గర్నుంచి నొక్కాలి.

నాలుగోది కీమ్యాప్, దీని మీదే అసలు పేచీ. పైన చెప్పిన లెక్కలో చూస్తే ఇదీ ఉండకూడదు, కీమ్యాప్ అంటే "ఫలానా స్కాన్‌కోడ్ వస్తే ఫలానా కీ" అనే పట్టిక, అది రిమోట్‌కి సంబంధించింది గానీ బోర్డ్‌ది కాదు, పైగా యూజర్‌స్పేస్ (కెర్నెల్ బయట మామూలు ప్రోగ్రాములు నడిచే చోటు) నుంచి ఐఆర్ కీటేబుల్ అనే టూల్‌తో ఎప్పుడైనా లోడ్ చేసుకోవచ్చు. కానీ టీవీ బాక్స్ అమ్మేవాడు డబ్బాలో బాక్సూ రిమోటూ కలిపే ఇస్తాడు, ఆన్ చెయ్యగానే ఆ రిమోట్ పనిచెయ్యాలి, కాబట్టి ఆ రెండూ కలిపి ఒకటే హార్డ్‌వేర్ అని వాదించొచ్చు. చివరికి మధ్యేమార్గంగా దాన్ని ఉంచారు, ఉంచి పేరు ముందు లినక్స్ అని తగిలించారు, లినక్స్ కామా ఆర్‌సీ మ్యాప్ నేమ్. ఆ తగిలింపుకి అర్థం ఏటంటే, ఇది హార్డ్‌వేర్ నిజం కాదు, ఈ ఒక్క ఆపరేటింగ్ సిస్టమ్ సౌకర్యం కోసం పెట్టింది, డివైస్ ట్రీ చదివే వేరే ఓఎస్‌లు దీన్ని పట్టించుకోనక్కర్లేదు అని. ఇది రాయకపోతే డ్రైవర్ ఖాళీ మ్యాప్ తీసుకుంటది, అప్పుడు ప్రోటోకాల్ కూడా మనమే ఆన్ చేసుకోవాలి, ఎందుకంటే మొదట ఆన్ అయ్యేది మ్యాప్‌లో రాసున్న ప్రోటోకాలే. "అన్నీ కరెక్ట్‌గా పెట్టాను గానీ కీలు రావట్లేదు" అనేవాళ్ళలో చాలామందికి సమస్య ఇక్కడే.

కోడ్ వైపు చెప్పడానికి పెద్దగా లేదు. కంపాటిబుల్ స్ట్రింగ్‌ల (ఏ హార్డ్‌వేరో చెప్పే పేర్ల) పట్టిక ఒకటి రాసి డ్రైవర్ స్ట్రక్చర్‌కి తగిలించాలి, బూట్ అయ్యేటప్పుడు కెర్నెల్ డివైస్ ట్రీలో ఉన్న నోడ్‌లకి (ఒక్కో హార్డ్‌వేర్ ముక్కకి ఒక్కో ఎంట్రీ) ప్లాట్‌ఫామ్ డివైస్‌లు తయారుచేసి, స్ట్రింగ్ కలిసిన డ్రైవర్‌లో ప్రోబ్ అనే మొదలుపెట్టే ఫంక్షన్‌ని పిలుస్తది. అదే పట్టికని మాడ్యూల్ డివైస్ టేబుల్ అనే మాక్రోలో కూడా పెట్టాలి, ఇది మర్చిపోతే డ్రైవర్‌ని కెర్నెల్‌లోనే కలిపి కంపైల్ చేసినవాళ్ళకి బాగానే పనిచేస్తది, మాడ్యూల్‌గా చేసినవాళ్ళకి మాత్రం దానంతట అది లోడ్ అవ్వదు, దాంతో ఈ తప్పు చాన్నాళ్ళు ఎవరి కంటా పడకుండా ఉండిపోద్ది. ఇంకోటి, ప్రోబ్‌లో జీపీఐఓ అడిగే సమయానికి ఆ కంట్రోలర్ డ్రైవర్ ఇంకా లేచి ఉండకపోవచ్చు, అప్పుడు మైనస్ 517 అనే కోడ్ వస్తది, అంటే "ఇప్పుడు కాదు, కాసేపాగి రా" అని. దాన్ని ఎర్రర్‌లా ప్రింట్ చెయ్యకుండా ఉన్నదున్నట్టు వెనక్కి ఇచ్చీయాలి, కెర్నెల్ తర్వాత మళ్ళీ తనే పిలుస్తది. పాత ప్లాట్‌ఫామ్ డేటా దారి కొన్నేళ్ళు డివైస్ ట్రీ పక్కనే బతికింది, 2017లో చూస్తే మెయిన్‌లైన్‌లో (అసలు లినక్స్ సోర్స్‌లో) దాన్ని వాడే బోర్డ్ ఒక్కటీ లేదు, తీసిపారేశారు.

బైండింగ్ దగ్గర మాత్రం తొందరపడకూడదు. బైండింగ్ అంటే ఈ నోడ్‌లో ఏ ప్రాపర్టీలు ఉండాలి, వాటి పేర్లేంటి, విలువలేంటి అని రాసే డాక్యుమెంట్, ఒకప్పుడు ఉత్త టెక్స్ట్, ఇప్పుడు యామల్ స్కీమా, టూల్‌తో చెక్ చేసుకోవచ్చు. ఒకసారి మెర్జ్ అయ్యిందంటే (మెయిన్‌లైన్‌లో కలిసిందంటే) ఆ పేర్లు ఇక శాశ్వతం. ఎందుకంటే బోర్డ్ తయారుచేసినవాడు డివైస్ ట్రీ బైనరీని ఫ్లాష్‌లో కాల్చి అమ్మేసి ఉంటాడు, ఐదేళ్ళ తర్వాత కెర్నెల్ ఒక్కటే కొత్తది వేస్తే ఆ పాత బైనరీతోనే బూట్ అవ్వాలి. కోడ్‌లో ఫంక్షన్ పేరు నచ్చకపోతే రేపు మార్చుకోవచ్చు, ప్రాపర్టీ పేరు మార్చలేం, అందుకే ముప్పై లైన్ల బైండింగ్ మీద వారాల తరబడి చర్చ నడుస్తది, చూసేవాళ్ళకి చాదస్తంలా ఉంటది గానీ చాదస్తం కాదు. పంపేటప్పుడు బైండింగ్ ప్యాచ్ ముందు, డ్రైవర్ ప్యాచ్ దాని వెనక, బోర్డ్ డివైస్ ట్రీ ఫైల్‌లో నోడ్ చేర్చే ప్యాచ్ ఆఖర్న, మూడూ విడివిడిగా. కీమ్యాప్ పేర్లకి స్కీమాలో ఒక లిస్ట్ ఉంది, మీరు రాసిన పేరు అందులో లేకపోతే చెకర్ గొడవ పెడతది.

ఇక్కడ టీవీ బాక్స్ వాళ్ళకి ఒక హెచ్చరిక. ఆమ్‌లాజిక్, ఆల్‌విన్నర్ చిప్‌లలో ఐఆర్ కోసం విడిగా హార్డ్‌వేర్ బ్లాకే ఉంటది, పల్స్‌లు అదే కొలిచి పెడతది, వాటికి జీపీఐఓ డ్రైవర్ కాదు, వాటి సొంత డ్రైవర్లు ఉన్నాయి. అక్కడ నోడ్‌లో పిన్‌కి బదులు రిజిస్టర్ అడ్రస్, ఇంటరప్ట్ నంబర్, చిప్‌ని బట్టి క్లాక్‌లు ఉంటాయి, అవన్నీ చిప్ డివైస్ ట్రీ ఫైల్‌లో ముందే రాసి ఆఫ్‌లో పెట్టి ఉంచుతారు. మీ బోర్డ్ డివైస్ ట్రీ ఫైల్‌లో ఆ నోడ్ స్టేటస్‌ని ఓకే చేసి, పిన్ సెట్టింగ్ చూపిస్తే చాలు చాలాసార్లు. జీపీఐఓ నోడ్ రాసే ముందు మీది ఏ చిప్పో చూసుకోండి, ఊరికే నైట్ అవుట్‌లు చెయ్యక్కర్లేదు.

ఏది హార్డ్‌వేర్, ఏది కాదు అనే పేచీ ఆ నాలుగింటితో ఆగిపోలేదు, తర్వాత ఐదోది ఒకటి వచ్చింది. కొన్ని చిప్‌లలో పని లేనప్పుడు సీపీయూ గాఢ నిద్రలోకి పోద్ది, దాన్ని లేపడానికి పట్టే సమయం 560 మైక్రోసెకన్ల పల్స్‌తో పోలిస్తే తక్కువేమీ కాదు. ఇంటరప్ట్ వచ్చిన క్షణమే టైమ్‌గా లెక్కేస్తాం కాబట్టి, ఒక ఎడ్జ్ ఆలస్యంగా నమోదై ఇంకోటి టైమ్‌కి నమోదైతే సున్నాలు ఒకట్లుగా కనిపిస్తాయి, డీకోడర్ మొత్తం ఫ్రేమ్‌ని చెత్తబుట్టలో వేస్తది. దీనికి మందుగా లినక్స్ కామా ఆటోసస్పెండ్ పీరియడ్ అనే ప్రాపర్టీ చేర్చారు. మొదటి ఎడ్జ్ రాగానే సీపీయూని గాఢ నిద్రకి పోవద్దని అడ్డుకుని, ఇక ఎడ్జ్‌లు రావట్లేదని ఇన్ని మిల్లీసెకన్లు చూశాక, మామూలుగా 125, వదిలేస్తారు. మొదటి ఎడ్జ్ ఎలాగూ ఆలస్యమే, కానీ అది 9 మిల్లీసెకన్ల పొడుగు పల్స్ కాబట్టి కాస్త తేడా తట్టుకుంటది. పని బాగానే చేస్తది గానీ నాకు దీని చోటు మీద పూర్తి నమ్మకం లేదు, సీపీయూ ఎంతసేపట్లో లేస్తుందనేది చిప్ లక్షణం, దాన్ని తీసుకొచ్చి రిసీవర్ నోడ్‌లో పెట్టడం అద్దెకున్నవాడి మీద ఇంటి పన్ను రాసినట్టే. పేరు ముందు లినక్స్ అని ఉండటం చూస్తే రాసినవాళ్ళకీ ఆ సంగతి తెలుసనే అనుకోవాలి.

చేసి చూడాలంటే రాస్‌బెర్రీ పై తేలిక, కాన్ఫిగ్ ఫైల్‌లో జీపీఐఓ ఐఆర్ ఓవర్‌లే (డివైస్ ట్రీకి పైన అతికించే చిన్న ముక్క) లైన్ ఒకటి పెడితే డీఫాల్ట్‌గా 18వ పిన్ తీసుకుంటది. రీబూట్ చేశాక సిస్‌ఎఫ్ఎస్‌లో ఆర్‌సీ క్లాస్ కింద డివైస్ రాకపోతే ప్రోబ్ అవ్వలేదన్నమాట, కంపాటిబుల్ స్పెల్లింగ్, మాడ్యూల్ లోడ్ అయ్యిందా, ప్రాక్ (/proc) కింద డివైస్ ట్రీ ఫోల్డర్‌లో మీ నోడ్ ఉందా, ఈ మూడూ చూడండి. డివైస్ వచ్చింది, రిమోట్ నొక్కినా ఇంటరప్ట్‌ల లెక్క కదలట్లేదంటే పిన్ తప్పు, లేదా వైరింగ్. లెక్క టకటకా పెరుగుతోంది గానీ స్కాన్‌కోడ్ ఒక్కటీ రావట్లేదంటే ప్రోటోకాల్ ఆన్‌లో లేదు, లేదంటే ఆ యాక్టివ్ లో ఫ్లాగ్ తిరగబడింది, వెలుగు చీకటిగా చీకటి వెలుగుగా చేరుతోంది, 9 మిల్లీసెకన్ల వెలుగు కోసం చూస్తున్న డీకోడర్‌కి అది ఎప్పటికీ దొరకదు. స్కాన్‌కోడ్‌లు వస్తున్నాయి, కీలు రావట్లేదంటే ఇక కీమ్యాప్ ఒక్కటే మిగిలింది, దానికి డివైస్ ట్రీ ముట్టుకోవద్దు, యూజర్‌స్పేస్‌లోనే పట్టిక రాసుకుని లోడ్ చేసుకోండి.